కోటానుకోట్ల సంఖ్యలు చిన్న పట్టికల్లో ఎలా ఇముడుతాయి?

1 నుంచి 10 దాకా ఎక్కాల పట్టికలో 100 సంఖ్యలుంటాయి. మూడో అడ్డు వరుస, ఐదో నిలువు వరుస మాత్రం ఉంచి మిగతావన్నీ చెరిపేద్దాం. 7×8 గడిలో ఏముండేదో చెప్పగలమా? ఏడో అడ్డు వరుసలో మిగిలింది 35, ఎనిమిదో నిలువు వరుసలో మిగిలింది 24. మనం ఉంచిన రెండు వరుసలూ కలిసేచోట 15. 35ను 24తో గుణించి 15తో భాగిస్తే 56! ఇలా 19 సంఖ్యల నుంచే 100 సంఖ్యలూ రాబట్టవచ్చు.

దీని అవసరమేంటి?

భౌతికశాస్త్రంలో ఒక ప్రమేయం పది చలరాశుల మీద ఆధారపడొచ్చు. ఒక్కోదానికి 100 విలువలు తీసుకుంటే, పట్టికలో గళ్ల సంఖ్య 1 పక్కన 20 సున్నాలు! ఏ సూపర్ కంప్యూటర్ మెమరీలోనూ అది పట్టదు.

మరి ఎలా?

చలరాశికొకటి చొప్పున పది చిన్న పట్టికలు చేసి, రైలు పెట్టెల్లా వరుసగా తగిలిస్తారు. ఇదే 'టెన్సర్ ట్రైన్'. పక్కపక్క పట్టికలను కలిపే లంకె పరిమాణం 10 అయితే, లక్షలోపు సంఖ్యలు చాలు. కావలసిన విలువను ఆ పట్టికల గుణకారంతో రాబడతారు. 1992లో స్టీవెన్ వైట్ క్వాంటం కణాల లెక్కలకు తెచ్చిన పద్ధతి వెనకున్నదీ ఇలాంటి గొలుసే. 2011లో ఇవాన్ ఒసెలెడెట్స్ టెన్సర్ ట్రైన్‌ను గణితపద్ధతిగా వివరించారు.

అన్నిసార్లూ కుదురుతుందా?

కుదరదు. గళ్లలో సంఖ్యలు ఒక పొంతన లేకుండా ఉంటే లంకెలు విపరీతంగా పెరిగిపోతాయి, ఆదా ఏమీ మిగలదు.