ఒంగోలు ప్రాంతమున శంకువులు కాయు చెట్లు

దేవదారు వంటి శంకువులు కాయు చెట్లనగానే మనకు హిమాలయపు చలి గుర్తుకు వచ్చును. కాని ఒంగోలు దగ్గర వేమవరమున, పొరలుగా విడిపోవు రాతిలో, అట్టి చెట్ల రెమ్మల అచ్చులు, శంకువుల పొలుసులు దొరికినవి. ఈ తీరపు శిలాజములను గూర్చి భారత భూవిజ్ఞాన సర్వే ఉద్యోగి ఫైస్ట్‌మాంటెల్ 1879లోనే వ్రాసెను. వాని వయస్సు సుమారు 13 కోట్ల సంవత్సరములు.

ఒక్క పొలుసును చూచి చెట్టును పోల్చుట ఎట్లు? పైన్ పొలుసుకు రెండు గింజలుండును. అరౌకేరియాకు, సీతాఫలపు తొనకువలె, ఒక్క గింజయే. ముదిరిన శంకువు విడిపోయి పొలుసులు రాలును. అదే రాతిలో సముద్ర జీవులైన అమ్మోనైట్ల గుల్లల అచ్చులును కలవు. అనగా తీరమునకు చేరువ అడవినుండి ఏటినీరు వీనిని తెచ్చి సముద్రపు బురదలో పూడ్చినదన్నమాట.

నేడు అరౌకేరియా తనంతట తాను పెరుగునది దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, న్యూగినీ, వానికి చేరువ దీవులలోనే. మన తోటలలో క్రిస్మస్ చెట్టని పెంచునది నార్ఫోక్ దీవి మొక్క. ఆ ఖండములు ఒకప్పుడు మన దేశముతో కలిసి ఒకే భూభాగముగా నుండెను.

మీ బావి త్రవ్వకమున ఇట్టి అచ్చు కనబడినచో గునపము ఆపుడు. పలకను కడుగక కాగితములో చుట్టి, సర్వే నంబరు, లోతు వ్రాసి గ్రామాధికారికి చూపుడు. ఏ పొరలోనిదో తెలియని రాయి తన వయస్సును చెప్పజాలదు.