హైదరాబాదు నుండి జిద్దాకు: దూరమెంత? కాలమెంత?

మన విద్యార్థుల కుటుంబములలో జిద్దాతో సంబంధము గలవి తక్కువ కాదు. కొందరు హజ్, ఉమ్రాలకును, కొందరు ఉద్యోగములకును అచటికి పోవుచుందురు. ప్రయాణము నాడు ఇంటనున్నవారు టికెట్టు చూచి కాలము లెక్కించుటలో తరచు పొరబడుదురు. ఉదయము 10 గంటలకు ఇచట బయలుదేరు విమానము మధ్యాహ్నము 1.30కి జిద్దా చేరునని టికెట్టులో ఉన్నచో, ప్రయాణము మూడున్నర గంటలే యనుకొందురు. ఆ వేళకు ఫోను రాకున్న కలత చెందుదురు. నిజమునకు విమానమప్పుడు ఇంకను ఆకాశముననే ఉండును.

మొదట దూరము చూతము. గోళాకారమైన భూమిపై రెండు నగరముల నడుమ అతి దగ్గర దారి సుమారు 4,100 కిలోమీటర్లు. జెట్ విమానము గంటకు 850 కిలోమీటర్లకు పైగా పోగలదు. ఆ లెక్కన ఐదు గంటలు చాలవలెను. కాని నేలపై నడక, పైకెగయుట, దిగుట, మార్గమునందలి వంపులు కలిసి ప్రయాణము దాదాపు 6 గంటలగును.

గాలియు లెక్కలోనిదే. శీతకాలమున ఎత్తైన ఆకాశమున పడమటి గాలి వీచి, పోవునప్పుడు విమానమునకు ఎదురై, వచ్చునప్పుడు తోడ్పడును. వానకాలమున దక్షిణ భారతముపై తూర్పు గాలి ప్రవాహము ఏర్పడును. దీనిని మన శాస్త్రజ్ఞులు పి. కోటేశ్వరం 1958లో వివరించిరి.

ఇక గడియారము. భారత కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును, సౌదీ కాలము 45 డిగ్రీల రేఖాంశమును అనుసరించును. వ్యత్యాసము 37½ డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున రెండున్నర గంటలు. టికెట్టుపై ఎచటి వేళ అచటిదే కనుక, పోవునప్పుడు ఈ రెండున్నర గంటలు కలుపవలెను, వచ్చునప్పుడు తీసివేయవలెను. రాత్రి 8 గంటలకు జిద్దాలో బయలుదేరినవారు ఐదున్నర గంటలు ప్రయాణించి, మరునాటి తెల్లవారుజామున 4 గంటలకు హైదరాబాదు చేరుదురు. ఎదురేగువారు తేదీని కూడ గమనింపవలెను.

రంజాన్ మాసమున ఇది మరింత ముఖ్యము. ఇచట సహర్ ముగించి పడమటికి పోవువారు సూర్యుని వెంబడింతురు. వారి పగలు రెండున్నర గంటలకు మించి పెరుగును. ఇఫ్తారుకు ప్రమాణము ఇంటి గడియారము కాదు, తామున్నచోటి సూర్యాస్తమయము. ప్రయాణికునకు ఉపవాసమును వాయిదా వేయు సడలింపు కలదు గనుక, ముందుగా లెక్కించుకొన్నచో నిర్ణయము సులభమగును.

1995 వరకు బొంబాయి నుండి ఓడలపై పోయిన హాజీలకు ఈ చిక్కు తెలియదు. ఓడ మెల్లగా సాగగా కాలము దినదినము కొంచెముగా జరిగెడిది. విమానము ఆ మార్పునంతయు ఒక్క పూటలో తెచ్చినది. కనుక విద్యార్థులారా, మన ఇండ్లలో టికెట్టు వచ్చిననాడే రెండు వేళలను మన గడియారమునకు మార్చి, కాగితముపై వ్రాసి తల్లుల చేతికిత్తము. చదువు వలన ఇంటికి కలుగు మేలు ఇట్టిదియు ఒకటి.