చమురు బావుల బురద శుద్ధి – పల్లెకు రక్ష, పరిశ్రమకు ఆదా

కృష్ణా, గోదావరి డెల్టాలలో వరిచేలు, కొబ్బరితోటల నడుమ ఎత్తుగా నిలిచి కనిపించే రిగ్గులు ప్రజలకు కొత్త కావు. వేల మీటర్ల లోతున ఉన్న చమురు, సహజవాయు నిక్షేపాల కోసం ఓ.ఎన్.జి.సి. వంటి సంస్థలు దశాబ్దాలుగా ఇక్కడ బావులు తవ్వుతున్నాయి. రిగ్గు అందరికీ కనిపిస్తుంది. దాని పక్కన వరుసగా అమర్చిన ఇనుప ట్యాంకులు, వాటిపై నిరంతరం అదిరే జల్లెడలు మాత్రం ఎవరి దృష్టికీ రావు. అయితే బావి భద్రత, తవ్వకం ఖర్చు, చుట్టుపక్కల పొలాల క్షేమం చాలావరకు ఆ ట్యాంకుల వద్దనే ఆధారపడి ఉన్నాయి.

బురదే తొలి కాపు

బావి తవ్వేటప్పుడు పైపుల గుండా లోపలికి పంపే ద్రవాన్ని డ్రిల్లింగ్ మడ్ అని వ్యవహరిస్తారు. సాధారణంగా నీటిలో బెంటొనైట్ అనే బంకమన్నును, మరికొన్ని పదార్థాలను కలిపి దీనిని తయారుచేస్తారు. ఈ బురద రాతిని తొలిచే బిట్‌ను చల్లబరుస్తుంది. తెగిన రాతి ముక్కలను పైకి మోసుకువస్తుంది. భూగర్భంలోని వాయువు పైకి తన్నుకురాకుండా తన బరువుతో అదిమి ఉంచుతుంది. పీడనం అధికంగా ఉన్నచోట బురద బరువు పెంచేందుకు బెరైటీస్ పొడి కలుపుతారు. మనవారు ముగ్గురాయి అని పిలిచే ఈ ఖనిజానికి రాయలసీమలోని మంగంపేట ప్రపంచ ప్రసిద్ధి గాంచింది.

బావిలో పీడనం అదుపు తప్పితే కలిగే నష్టమేమిటో కోనసీమ వాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి వద్ద చెలరేగిన మంటలు రెండు నెలలకు పైగా రగిలాయి. పీడనాన్ని నిలువరించే తొలి కాపు బురదే కనుక దాని బరువు, చిక్కదనం నిర్ణీత ప్రమాణంలో ఉండడం అత్యవసరం.

రాతిపొడితో చిక్కు

31 సెంటీమీటర్ల వ్యాసంతో 1,000 మీటర్ల లోతు తవ్వితే సుమారు 75 ఘనపు మీటర్ల రాయి ముక్కలై బురదతో పైకి వస్తుంది. దానిని తొలగించకుండా తిరిగి బావిలోకి పంపితే ఆ ముక్కలు మరింత నలుగుతాయి. ఒక ఘనాకారపు ముక్క ఎనిమిది సమాన ఘనాలుగా పగిలితే బరువు మారదు గాని ఉపరితలం రెట్టింపవుతుంది. ఉపరితలం పెరిగేకొద్దీ అది నీటిని పట్టి ఉంచడంతో బురద చిక్కబడుతుంది. ఫలితంగా పంపులు అరుగుతాయి, తవ్వకం మందగిస్తుంది, పైపులు బావిలో ఇరుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది.

అంచెలవారీ శుద్ధి

పైకి వచ్చిన బురద ముందుగా షేల్ షేకర్ అనే అదిరే జల్లెడ మీద పడుతుంది. అంగుళానికి 200 కన్నులు గల జల్లెడ సుమారు 74 మైక్రాన్లకు మించిన రేణువులను ఆపుతుంది. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాన్. జల్లెడ చిరిగితే ఆ భారమంతా తరువాతి యంత్రాలపై పడుతుంది. అందుచేత దీనిని ఎప్పటికప్పుడు పరీక్షించాలి.

తరువాతిది డీశాండర్. గరాటు ఆకారంలో ఉండే దీనిలోనికి బురదను ఒత్తిడితో పక్కవాటుగా పంపగా అది సుడి తిరుగుతుంది. బరువైన ఇసుక గోడలను తాకి అడుగు రంధ్రం నుండి జారిపోతుంది. తేరిన బురద పైనుండి వెలువడుతుంది. డీసిల్టర్‌లో ఇటువంటివే చిన్న గరాటులు అనేకం ఉంటాయి. ఇవి సుమారు 20 మైక్రాన్ల వరకు ఉన్న ఒండ్రును తీసివేస్తాయి. అంతకన్నా సూక్ష్మమైన రేణువులను అతివేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్ వేరుచేస్తుంది.

బెరైటీస్ కలిపిన బురద విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. బెరైటీస్ రేణువుల్లో అత్యధికం 75 మైక్రాన్ల లోపువే కనుక డీసిల్టర్ రాతిపొడితోపాటు విలువైన బెరైటీస్‌ను కూడా పారవేస్తుంది. దీనికి పరిష్కారంగా గరాటుల కింద సన్నని జల్లెడను అమర్చిన మడ్ క్లీనర్ వాడుకలోకి వచ్చింది. జల్లెడ పైన నిలిచిన ముతక రాతిపొడిని తొలగించి, కిందికి దిగిన బెరైటీస్‌ను తిరిగి బురదలో చేరుస్తారు.

నీరు కలిపితే సరిపోదా?

ఈ యంత్రాల బదులు నీరు కలిపి బురదను పలుచన చేయవచ్చు కదా అన్న సందేహం సహజం. 100 ఘనపు మీటర్ల బురదలో ఘనపదార్థం 10 శాతం ఉన్నదనుకుందాం. దానిని 5 శాతానికి తేవాలంటే మరో 100 ఘనపు మీటర్ల ద్రవం కలపాలి. బరువు, గుణం తగ్గకుండా ఉండాలంటే బెంటొనైట్, బెరైటీస్, ఇతర రసాయనాలు కూడా మళ్లీ కలపాలి. ట్యాంకుల్లో పట్టని బురద చివరకు చేరేది వ్యర్థాల గుంతకే. గుంత నిండి పొర్లితే నష్టపోయేది పక్క పొలం రైతే.

ఈ దృష్టితోనే కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2005 ఆగస్టు 30న డ్రిల్లింగ్ వ్యర్థాలపై నిబంధనలు ప్రకటించింది. డీజిల్ ఆధారిత బురద వాడకాన్ని నిషేధించింది. నేలపై తవ్వే బావులలో రాతి ముక్కలను వేరుచేసి కడగాలని, పనికిరాని బురదను నీరు ఇంకని అస్తరు వేసిన గుంతలలోనే వేయాలని నిర్దేశించింది.

భూగర్భ జలం పైపైనే ఉండే డెల్టా ప్రాంతంలో ఈ నిబంధనల పాలనకు మరింత ప్రాధాన్యం ఉంది. ట్యాంకు వద్ద తొలగించిన ప్రతి బుట్టెడు రాతిపొడి గుంతకు చేరే బురదను అనేక రెట్లు తగ్గిస్తుంది. తమ గ్రామంలో రిగ్గు వెలసినప్పుడు గుంతకు అస్తరు వేశారా, గట్లు దిట్టంగా ఉన్నాయా అని ప్రజలు గమనించాలి. లోపాలు కనిపిస్తే కాలుష్య నియంత్రణ మండలి దృష్టికి తేవాలి. సంస్థల శ్రద్ధకు ప్రజల అప్రమత్తత తోడైనప్పుడే భూగర్భ సంపదతోపాటు భూమిపై సంపద కూడా పదిలంగా ఉంటుంది.