ఇల్లు కొనేముందు ఇంజనీరు మాటా వినండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇప్పుడు పట్నాల్లో కట్టేవాళ్ళకంటే కట్టింది కొనుక్కునేవాళ్ళే ఎక్కువ. కొనేముందు మనవాళ్ళు మొదట పిలిచేది వాస్తు చూసేవాళ్ళని. ఈశాన్యం పెరిగిందా, వంటగది ఆగ్నేయంలో ఉందా, మెట్లు ఎటు తిరిగాయి అని మూలమూలా కొలిపిస్తారు. తలుపు దక్షిణానికి ఉందని బంగారంలాంటి ఇల్లు వదులుకున్నవాళ్ళూ ఉన్నారు. వాస్తు వద్దని నేననను, ఎవరి నమ్మకం వారిది. కానీ అదే ఇంటిని సివిల్ ఇంజనీరు చూసి, "గోడ నెమ్మెక్కింది, శ్లాబులో చువ్వలు తుప్పు పట్టాయి" అని రాసిచ్చినా, "పాత ఇల్లన్నాక ఆమాత్రం ఉండవా!" అని ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టేస్తారు. మరి డబ్బిచ్చి చూపించుకోవడం దేనికో!

మా ఆడపడుచు వాళ్ళు నిరుడు పదిహేనేళ్ళనాటి ఫ్లాటు ఒకటి చూశారు. పై అంతస్తు, గాలీ వెలుతురూ బాగున్నాయి, గోడలకి కొత్తగా రంగులేశారు. ఇంజనీరు రెండు గంటలసేపు చూసి మూడు సంగతులు రాశాడు. బాత్రూమ్‌ని ఆనుకున్న పడకగది గోడకి చెమ్మ. వాష్ ఏరియా పైకప్పులో పెచ్చులు ఉబ్బి, తుప్పు చారలు. వంటింటి ప్లగ్గులకి ఎర్తింగు లేదు. "వానాకాలం కదండీ, ఆరిపోతుంది. ఇంకోసారి రంగు వేయించి ఇస్తాం" అన్నారు అమ్మేవాళ్ళు. ఆవిడ భర్త సరేననబోయారు గానీ, ఆడపడుచు ఒప్పుకోలేదు.

ఆవిడ పట్టుదలలో న్యాయముంది. చెమ్మ అంటే నీళ్ళు ఎక్కణ్ణించో దారి చేసుకుని వస్తున్నాయని. ఆ దారి మూయకుండా రంగు వేస్తే కొన్నాళ్ళకే మళ్ళీ పొంగుతుంది. గోడమీద తెల్లగా ఉప్పు పూయడం కూడా ఆ లక్షణమే. బాత్రూమ్ టైల్సు తీసి, పైపు జాయింట్లు చూసి, వాటర్‌ప్రూఫింగ్ చేసి మళ్ళీ టైల్సు వేయాలన్నాడు మేస్త్రీ. టైల్సు వేయకముందే నేలమీద నీళ్ళు కట్టి 24 గంటలు ఉంచాలి. కింది వాళ్ళ కప్పులో చెమ్మ దిగకపోతే పని కుదిరినట్టు.

పెచ్చుల సంగతి అంతకంటే గట్టిది. కాంక్రీటులోని చువ్వకి నీరు తగిలి తుప్పు పడితే ఉబ్బుతుంది. ఇనుముకంటే తుప్పుకి ఎక్కువ చోటు కావాలి మరి. ఆ ఒత్తిడికి కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. పైన సిమెంటు పూసి సున్నం కొడితే కంటికి కనిపించదు, లోపల చువ్వ సన్నబడుతూనే ఉంటుంది. వదులైన కాంక్రీటంతా కొట్టేసి, చువ్వ శుభ్రంచేసి, తుప్పు ఆగే మందు పూసి పూడ్చాలి, నీళ్ళు దిగే చోటు పైన కట్టెయ్యాలి. ఇదే బీముల్లో, పిల్లర్లలో కనిపిస్తే మాత్రం ఎంత చవగ్గా ఇస్తామన్నా ఆ ఇంటి జోలికి పోకపోవడం మంచిదని నా ఉద్దేశం.

ఎర్తింగు మూడింటిలో చిన్న ఖర్చే. కానీ తడి చేతుల్తో గ్రైండరు, వాషింగ్ మెషీను ముట్టుకునేది మనమే కదా! దాంతోపాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోవాలి.

పగుళ్ళు కనిపించగానే బెదిరిపోనక్కర్లేదు. పూతలో వెంట్రుకవాసి గీతలు మామూలే. కిటికీ మూలనించి ఏటవాలుగా, మెట్లుమెట్లుగా పోయే పగులుంటే పునాది కుంగిందేమోనని అనుమానించాలి. వానకి ఉబ్బి ఎండకి బీటలిచ్చే నల్లరేగడి నేలల్లో ఇది మరీ చూసుకోవాలి.

బ్యాంకు కూడా ఇంజనీరుని పంపుతుందిగా అంటారు కొందరు. ఆయన ముఖ్యంగా చూసేది ఆ ఇల్లు బ్యాంకిచ్చే అప్పుకి తగ్గ విలువ చేస్తుందా అని. చట్టం చూసుకుంటుందిలే అనుకోవడానికీ లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవాళ్ళు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపం తనకి తెలిసుంటేనే అమ్మేవాడు చెప్పి తీరాలి. ఎదురుగా కనిపించే చెమ్మ అందులోకి రాదు. పైగా మీ ఇంజనీరే రాసిచ్చాక మాకు తెలీదనడం ఎలా? కొత్త ఫ్లాటయితే 2016 నాటి రెరా చట్టం కొంత ఆసరా. స్వాధీనం చేసిన 5 ఏళ్ళలోపు కట్టడంలో, పనితనంలో లోపం బయటపడి తెలియజేస్తే బిల్డరు 30 రోజుల్లో ఉచితంగా బాగుచెయ్యాలి. చేతులు మారే పాత ఫ్లాటుకి ఆ గడువు దాటిపోయే ఉంటుంది.

కాబట్టి రిపోర్టుకి విలువ ఉండేది అడ్వాన్సు ఇవ్వకముందే. మా ఆడపడుచు మేస్త్రీ చేతా, ఎలక్ట్రీషియను చేతా అంచనాలు రాయించి బేరంలో పెట్టింది. "వేరే పార్టీ ఉంది" అన్నారు వాళ్ళు. "మంచిది, వాళ్ళకే ఇవ్వండి" అని వచ్చేసింది. పదిరోజులకి వాళ్ళే ఫోన్ చేశారు. బాత్రూమ్, పైకప్పు ఖర్చు ధరలో తగ్గించేట్టూ, ఎర్తింగు వాళ్ళ ఖర్చుతో రిజిస్ట్రేషనుకి ముందే చేయించేట్టూ అగ్రిమెంటులో రాయించుకున్నారు. నోటిమాట మీద వదల్లేదు. తర్వాత అదే ఇంజనీరు మళ్ళీ వచ్చి చూస్తే వంటింట్లో ఎర్తింగు వచ్చింది గానీ గీజరు పాయింటుకి తీగే లాగలేదు. అది లాగేదాకా రిజిస్ట్రేషను రోజు ఖాయం చేసుకోలేదు.

ఇంజనీరుని మీరే కుదుర్చుకోండి, బ్రోకరు తెచ్చినవాణ్ణి వద్దు. వీలైతే బాగా వాన పడ్డ మర్నాడు తీసుకెళ్ళండి. మేడ మీది తాళం ముందే అడిగి ఉంచుకోండి. ఆయన టెర్రసు చూస్తుండగా మీరు కింది ఫ్లాటు ఆవిణ్ణి పలకరించి, "మీ బాత్రూమ్ కప్పులో నీళ్ళు కారతాయా అండీ?" అని అడిగి చూడండి.