కుదుపు లేని షాట్ వెనుక: స్టెడీక్యామ్ ఆపరేటర్లు దేనిని మంచి షాట్ అంటారు, దేనిని చెడ్డదంటారు?

కథానాయకుడు జనసమ్మర్దంలో దారి చేసుకుంటూ నడుస్తుంటే, కెమెరా అతని వెన్నంటి నీటిపై పడవలా సాగిపోతుంది. దానిని ఒక మనిషి మోస్తున్నాడన్న స్పృహ ప్రేక్షకుడికి కలగదు. కలగకపోవడమే ఆపరేటర్ విజయం. అయితే ఆ ఆపరేటర్లు తమ పనిని తామే తూచుకునేటప్పుడు వాడే కొలమానం వేరు. కుదుపు లేకపోవడం అందులో తొలి మెట్టు మాత్రమే.

పరికరం ఎలా పనిచేస్తుంది?

1970ల మధ్యకాలం వరకు కదిలే షాట్ కావాలంటే ప్రధానంగా రెండే మార్గాలుండేవి. నేలపై పట్టాలు పరచి ట్రాలీ నడపడం ఒకటి. కెమెరాను భుజాన వేసుకుని, కుదుపులను భరించడం రెండవది. అమెరికాకు చెందిన గ్యారెట్ బ్రౌన్ రూపొందించిన స్టెడీక్యామ్ మూడవ మార్గాన్ని తెరిచింది.

ఇందులో మూడు భాగాలుంటాయి. బరువును నడుముపైకి, భుజాలపైకి పంచే కవచం వంటి చొక్కా మొదటిది. అడుగుల అదురును మింగే స్ప్రింగుల చేయి రెండవది. మూడవది ఒక నిలువు కడ్డీ. దాని పైకొనలో కెమెరా, కింది కొనలో మానిటర్, బ్యాటరీ ఉంటాయి. తీగపై నడిచే కళాకారుడు పొడవాటి గడ పట్టుకోవడంలో ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. బరువు రెండు కొనలకూ విస్తరించినప్పుడు ఆ వస్తువు సులభంగా తిరగదు, ఊగదు. గురుత్వ కేంద్రానికి సమీపంలో ఆపరేటర్ వేళ్లతో తేలికగా తాకి దిశను నిర్ణయిస్తాడు. బలంగా పట్టుకుంటే నిలకడ చెడుతుంది.

1976లో విడుదలైన 'బౌండ్ ఫర్ గ్లోరీ', 'రాకీ' చిత్రాలు ఈ పరికరాన్ని ప్రపంచానికి పరిచయం చేశాయి. ఫిలడెల్ఫియా మ్యూజియం మెట్లపైకి బాక్సర్ పరుగెత్తే దృశ్యం నేటికీ సుపరిచితమే. 1978లో ఈ ఆవిష్కరణకు అమెరికా చలనచిత్ర అకాడమీ శాస్త్ర సాంకేతిక పురస్కారం లభించింది.

మంచి షాట్ లక్షణం

కెమెరా కదలికకు కథలో కారణం ఉండాలన్నది ఈ వృత్తిలో తొలి పాఠం. స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'ది షైనింగ్' చిత్రంలో, నిర్మానుష్యమైన హోటల్ వసారాలలో చిన్న సైకిలుపై తిరిగే బాలుడి వెనుక కెమెరా నేలకు కొద్ది ఎత్తులోనే సాగుతుంది. అక్కడి నిలకడ అందం కోసం కాదు. కనబడని శక్తి ఏదో బాలుణ్ణి వెంటాడుతోందన్న భయం ఆ నిలకడలోనే పుట్టింది.

మార్టిన్ స్కోర్సెసి 'గుడ్‌ఫెల్లాస్' చిత్రంలోని షాట్ మరో ఉదాహరణ. 1990లో వచ్చిన ఆ చిత్రంలో నేరగాడు తన ప్రియురాలిని వీధి నుంచి వెనుక తలుపు గుండా, వంటగది మీదుగా న్యూయార్క్‌లోని కోపకబానా క్లబ్బులోకి తీసుకువెళతాడు. సుమారు 3 నిమిషాల పాటు కోత లేదు. దీనిని తీసిన ఆపరేటర్ ల్యారీ మెక్‌కాంకీకి ఎదురైన చిక్కు సాంకేతికమైనది మాత్రమే కాదు. దారి పొడవునా వట్టి నడకే ఉంటే ప్రేక్షకుడికి విసుగు పుడుతుంది. అందుకే దారిలో ఎదురయ్యేవారితో పలకరింపులు, చిన్నపాటి సంభాషణలు చేర్చారు. ఆ పలకరింపులే మలుపులకు, నిదానాలకు కారణమయ్యాయి. తలుపులన్నీ తనకోసమే తెరుచుకుంటున్నట్లు తోచే ఆ యువతి సమ్మోహనం ప్రేక్షకుడికీ సోకింది.

చెడ్డ షాట్ ఎక్కడ పుడుతుంది?

ఆపరేటర్లను బాధించే దోషాలు చాలావరకు ప్రేక్షకుడి కంటికి ఆనవు. క్షితిజ రేఖ కొద్దిగా ఒరగడం వాటిలో ముఖ్యమైనది. నడక మొదలైనప్పుడు, ఆగినప్పుడు కెమెరా లోలకంలా స్వల్పంగా ఊగడం మరొకటి. నడుస్తూ తీయడం కంటే, నడక ముగించి కదలకుండా నిలవడం కష్టం. ఆరుబయట గాలి తగిలితే పరికరం తెరచాపలా తిరగబోతుంది. కొన్నిసార్లు ఆపరేటర్ నడకలో తప్పు లేకపోయినా, దూరం నుంచి ఫోకస్ సరిచేసే సహాయకుడి అంచనా తప్పితే టేక్ వృథా అవుతుంది. సుదీర్ఘమైన షాట్‌లో చివరి క్షణపు పొరపాటు అంతకుముందు పదులమంది చేసిన పనినంతా తుడిచివేస్తుంది.

ఈ ఒత్తిడికి పరాకాష్ఠ అలెగ్జాండర్ సొకురోవ్ తీసిన 'రష్యన్ ఆర్క్'. 2001 డిసెంబర్ 23న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఈ చిత్రమంతా ఒకే షాట్‌గా, సుమారు గంటన్నరకు పైగా సాగింది. జర్మన్ ఆపరేటర్ టిల్మన్ బ్యూట్నర్ 33 గదుల గుండా, రెండు వేలకు పైగా నటీనటుల నడుమ పరికరాన్ని మోశారు. మొదటి మూడు ప్రయత్నాలు మధ్యలోనే ఆగిపోయాయి. నాలుగవది ఫలించింది. పొరపాటు జరిగిన ప్రతిసారీ తన నోట తిట్లు వెలువడేవని, అందుకే శబ్దాన్ని తరువాత విడిగా చేర్చారని బ్యూట్నర్ చెప్పారు. తెరపై కనిపించే ప్రశాంతతకు వెనుక ఉన్న మనిషి స్థితి ఇది.

తెర వెలుపల ప్రమాదం ఇంకా ప్రత్యక్షం. 2015 ఆగస్టులో బీజింగ్ ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో 200 మీటర్ల పరుగు గెలిచిన ఉసేన్ బోల్ట్‌ను, రెండు చక్రాల సెగ్వే వాహనంపై అనుసరిస్తున్న కెమెరామన్ అదుపు తప్పి వెనుక నుంచి ఢీకొన్నాడు. ఇద్దరూ కింద పడ్డారు. అదృష్టవశాత్తు బోల్ట్‌కు తీవ్ర గాయం కాలేదు. కదులుతూ చిత్రించేవాడి చూపు తెరలో చిక్కుకున్నప్పుడు, దారిని చూసే రెండవ కన్ను అవసరమని ఆ ఘటన చాటింది. సినిమా చిత్రీకరణలో ఆపరేటర్ వెనుక నడుమును తాకుతూ దారి చూపే సహాయకుడు ఉండేది ఇందుకే.

తెలుగు తెరపై

భారతీయ సినిమాలలో స్టెడీక్యామ్‌ను విరివిగా వాడుకున్న తొలి చిత్రాలలో 1989 నాటి తెలుగు చిత్రం 'శివ' ఒకటి. రామ్ గోపాల్ వర్మకు దర్శకుడిగా అది మొదటి చిత్రం. ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాలరెడ్డి. పాత్రలను వెంటాడే ఆ కెమెరా తెలుగు ప్రేక్షకుడికి కొత్త అనుభవాన్నిచ్చింది. పోరాటాన్ని దూరం నుంచి చూసే సాక్షిగా కాక, అందులో చిక్కుకున్నవాడిగా అతణ్ణి నిలబెట్టింది.

గింబల్ వచ్చాక మారిందేమిటి?

నేడు మోటార్లు, సెన్సర్లతో నడిచే గింబల్ పెళ్లి వీడియోలు తీసేవారి చేతిలోనూ ఉంది. ఇది కెమెరా ఒరగకుండా, తిరగకుండా తానే సరిచేసుకుంటుంది. కానీ నడకలోని పైకీ కిందికీ ఊగే అదురును అది తనంతట తాను తొలగించలేదు. దానికి మోకాళ్లు వంచి నడిచే మనిషి నేర్పు గాని, స్ప్రింగుల చేయి గాని కావలసిందే.

2025లో వచ్చిన బ్రిటిష్ ధారావాహిక 'అడాలసెన్స్' ఈ కొత్త తరానికి ఉదాహరణ. నాలుగు భాగాలలో ప్రతి ఒక్కటీ ఒకే షాట్. తేలికైన కెమెరాను ఆపరేటర్లు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందించుకున్నారు. రెండవ భాగం చివర దానిని డ్రోన్‌కు తగిలించి గాలిలోకి పంపారు. పరికరం తేలికైనా పని తేలిక కాలేదు. ప్రతి భాగాన్నీ అనేకసార్లు మొదటి నుంచి తీయవలసి వచ్చింది.

యంత్రం నిలకడను ఇవ్వగలదు. ఎవరిని అనుసరించాలి, ఎంత దూరం నుంచి చూడాలి, ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయాలను మాత్రం ఇవ్వలేదు. నిలకడ చౌకగా దొరికే ఈ రోజుల్లో కారణం లేని కదలిక మరింత సులువుగా బయటపడుతుంది. ఒక ఆపరేటర్ షాట్ మంచిదా చెడ్డదా అన్నది తేలేది ఆ నిర్ణయాల దగ్గరే.