గాజు పలక మీద అక్షరాభ్యాసం

మీటల్లేని కీబోర్డు బల్ల మీద ఎందుకు నిలవలేదు? జేబులో ఎలా గెలిచింది?

బల్ల మీద అవతలి వస్తువు కనిపించేంత స్వచ్ఛమైన గాజు పలక. దాని మీద అక్షరాల గళ్లు. పక్కనే గాజుతోనే చేసిన మౌస్. నొక్కితే దిగే మీట ఒక్కటీ లేదు, తిప్పే చక్రమూ లేదు. వేలు ఆనిస్తే చాలు, తెర మీద అక్షరం పడుతుంది. అమెరికాకు చెందిన జేసన్ గిడింగ్స్ 2012లో కిక్‌స్టార్టర్ వేదిక మీద ఈ జంటను చూపించి, తయారీకి జనం నుంచే పెట్టుబడి అడిగారు.

చూసినవాళ్లను కట్టిపడేసే వస్తువే. అయినా ఆఫీసు బల్లల మీద నేటికీ మీటల కీబోర్డులే కనిపిస్తాయి. మరోవైపు, కోట్లమంది రోజూ టైపు చేస్తున్నది మీటల్లేని గాజు మీదే... తమ ఫోన్లలో. ఒకచోట నిలవని గాజు ఇంకోచోట ఎలా గెలిచిందో తెలియాలంటే, ముందు ఈ పలక పనిచేసే తీరు చూడాలి.

వెలుగును పట్టిచ్చే వేలు

ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో చదువుకున్న సంపూర్ణాంతర పరావర్తనమే ఇందులోని కిటుకు. గాజులో ప్రయాణించే కాంతి ఉపరితలానికి మరీ ఏటవాలుగా తగిలితే బయటి గాలిలోకి రాలేదు, తిరిగి గాజులోకే మళ్లుతుంది. మామూలు గాజు వక్రీభవన గుణకం దాదాపు 1.5 కాబట్టి, దాని సందిగ్ధ కోణం సుమారు 42 డిగ్రీలు. అంతకు మించిన కోణంలో పడిన కిరణం లోపలే పైకీ కిందికీ మళ్లుతూ అవతలి అంచు దాకా సాగిపోతుంది. ఆప్టికల్ ఫైబర్‌లో ఇంటర్నెట్ ప్రయాణించేదీ ఇలాగే.

పలక అంచుల నుంచి చిన్న ఎల్‌ఈడీలు పరారుణ కాంతిని లోపలికి పంపుతాయి. ఆ కాంతి మన కంటికి కనబడదు. వేలు ఆనిన చోట మాత్రం గాజుకు అవతల గాలికి బదులు చర్మం ఉంటుంది. అక్కడ పరావర్తనం దెబ్బతిని, కాంతి వేలికి తగిలి చెల్లాచెదురవుతుంది. ఆ మెరుపు చుక్కను కెమెరా పట్టుకుంటుంది. అది ఏ అక్షరం గడిలో పడిందో ప్రాసెసర్ లెక్కగడుతుంది. ఎన్ని వేళ్లు ఆనితే అన్ని చుక్కలు. అందుకే షిఫ్ట్‌తో పాటు మరో అక్షరం తాకినా పొరపాటు పడదు. గట్టిగా అదిమితే చుక్క పెద్దదవుతుంది. ఇబ్బందులూ లేకపోలేదు. ఎండలోనూ పరారుణ కాంతి ఉంటుంది కనుక కిటికీ పక్కన కెమెరా తికమకపడవచ్చు. బాగా పొడిబారిన వేలు గాజుకు సరిగా అంటదు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది జెఫ్ హాన్. న్యూయార్క్ యూనివర్సిటీలో ఉండగా 2005లో ఆయన, చవకగా పెద్ద మల్టీ టచ్ తెర చేసే విధానాన్ని వెల్లడించారు. 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల కవరేజీలో సీఎన్‌ఎన్ వాడిన ‘మ్యాజిక్ వాల్’ టచ్ తెర ఆయన కంపెనీ పర్సెప్టివ్ పిక్సెల్‌దే. ఆ కంపెనీని 2012లో మైక్రోసాఫ్ట్ కొనేసింది.

పాత ముచ్చటే

మీటలు తీసేయాలన్న ఆలోచన గిడింగ్స్‌తో మొదలవలేదు. 1979లో వచ్చిన అటారి 400 కంప్యూటర్‌కు చదునైన పొర లాంటి కీబోర్డే ఉండేది. పిల్లలు ఏమైనా ఒలకబోసినా తుడిస్తే సరిపోయేది, టైపు చేయడమే యాతన. 1998లో డెలావేర్ యూనివర్సిటీకి చెందిన వేన్ వెస్టర్‌మన్, జాన్ ఎలియాస్ ఫింగర్‌వర్క్స్ అనే సంస్థ పెట్టారు. మీటలు నొక్కీ నొక్కీ చేతులు నొప్పి పుట్టే బాధ వెస్టర్‌మన్‌కు స్వయంగా తెలుసు. తాకితే చాలనిపించే కీబోర్డు చేయడానికి అదే ప్రేరణ. 2005లో ఆ సంస్థ యాపిల్ చేతికి వెళ్లింది. రెండేళ్లకు ఐఫోన్ వచ్చింది.

గిడింగ్స్ గాజు పలక చూపించిన 2012లోనే మైక్రోసాఫ్ట్ తన సర్ఫేస్ ట్యాబ్లెట్‌కు కదలని మీటల ‘టచ్ కవర్’, కదిలే మీటల ‘టైప్ కవర్’ రెండూ తెచ్చింది. కొనేవాళ్లు ఏది కావాలో ఎంచుకోవచ్చు. 2014లో సర్ఫేస్ ప్రో 3 వచ్చేసరికి దానికి టైప్ కవరే మిగిలింది.

వేలికి జవాబు కావాలి

మెకానికల్ కీబోర్డులో మీట సుమారు 4 మిల్లీమీటర్లు దిగుతుంది. సగం దూరంలోనే అక్షరం నమోదవుతుంది. ఆ చిన్న కదలికలో వేలికి ‘పడింది’ అన్న కబురు అందుతుంది. ఎఫ్, జె మీటల మీద బుడిపెలు ఉండేది కూడా చూడకుండా చేతులు తమ చోటు వెతుక్కోవడానికే. వీణకు మెట్లు ఎలాగో టైపిస్టుకు ఈ అంచులూ బుడిపెలూ అలాగ. నున్నని గాజు మీద ఇవేవీ ఉండవు. చేయి కొంచెం పక్కకు జరిగినా వేళ్లకు తెలియదు, తెర మీద తప్పులు పడ్డాకే తెలుస్తుంది. పైగా మీటల మీద ఎనిమిది వేళ్లూ వాల్చి సేదదీరవచ్చు. గాజు మీద వాల్చడానికీ నొక్కడానికీ తేడా కనిపెట్టడం యంత్రానికి కష్టం. ఇక చూపు లేనివారికి తడిమి తెలుసుకునే ఆధారమే పోతుంది.

మౌస్ పని విషయంలో గాజుకు మెరుగైన దారి దొరికింది. యాపిల్ 2009లో తెచ్చిన మ్యాజిక్ మౌస్‌కు పైభాగమంతా టచ్చే. అయినా నొక్కితే నిజంగా దిగే క్లిక్‌ను వాళ్లు వదులుకోలేదు. 2015లో మ్యాక్‌బుక్‌లకు వచ్చిన గాజు ట్రాక్‌ప్యాడ్ అసలు కిందికి దిగదు. లోపలి విద్యుదయస్కాంతాలు సన్నగా అదిరి, నొక్కినట్టు వేలిని నమ్మిస్తాయి. కరెంటు లేకపోతే ఆ క్లిక్కూ ఉండదు. వేలికి జవాబు అందితే గాజును మనం ఇట్టే ఒప్పుకుంటామని అర్థం.

ఫోన్‌లో ఆ జవాబు కంటికి అందుతుంది. తాకిన అక్షరం పైకి లేచి కనిపిస్తుంది, మన చూపూ అక్కడే ఉంటుంది. తరవాత రాబోయే అక్షరాన్ని ఊహించి, దాని గడిని కనబడకుండా పెద్దది చేసే ఏర్పాటు తొలి ఐఫోన్‌లోనే ఉంది. బల్ల మీద కళ్లు మానిటర్ మీద, వేళ్లు వేరేచోట ఉంటాయి. గాజు చతికిలబడింది ఇక్కడే.

గాజు అవసరమైన చోటు

ఆసుపత్రుల్లో లెక్క మారుతుంది. మీటల సందుల్లో చేరిన మురికిని, క్రిములను తుడవడం కష్టం. నున్నని గాజును క్రిమిసంహారక మందుతో క్షణంలో తుడిచేయవచ్చు. కెనడాకు చెందిన క్లీన్‌కీస్ సంస్థ దంతవైద్యులనూ ఆసుపత్రులనూ ఉద్దేశించే చదునైన కీబోర్డు చేసింది. వేలు ఊరకే వాలిందా, తట్టిందా అన్నది స్పర్శతో పాటు కంపనాన్ని కూడా గమనించి తేల్చడం అందులోని తెలివి.

తెలుగుకు కలిసొచ్చిన అద్దం

ఇంగ్లిషు టైపిస్టు గాజు మీద పోగొట్టుకున్నది మనవాళ్లకు మొదటి నుంచీ సగమే దక్కింది. మన దుకాణాల్లో దొరికే కీబోర్డుల మీద ఉండేవి ఇంగ్లిషు అక్షరాలే. ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుట్‌లో అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయని కంఠతా పట్టాలి. డీటీపీ ఆపరేటర్లది వేరే లేఅవుట్, ఇంకో సాఫ్ట్‌వేర్ అయితే మరో లేఅవుట్. ఇవేవీ రానివారు ఇంగ్లిషు అక్షరాల్లోనే తెలుగు కొడుతూ వచ్చారు. ఫోన్ గాజు మీద ఒక్క తాకుతో అ, ఆ, ఇ, ఈలు ప్రత్యక్షమవుతాయి. గుణింతాలూ ఒత్తులూ కళ్లెదుటే ఉంటాయి. కంప్యూటర్ ఎప్పుడూ ముట్టని పెద్దలు మనవలకు తెలుగులో సందేశాలు పంపగలుగుతున్నారంటే అందుకే. అయితే ఈ మేలు గాజుది కాదు, దాని కింద ఉన్న తెరది. అక్షరాలు చెక్కి పెట్టిన పారదర్శక పలక మారజాలదు. తెరగా మారే గాజే మనకు పనికొచ్చేది.

కాబట్టి గాజు కీబోర్డు కొనాలని మనసైతే, ముందు మీ పని చూసుకోండి. క్లినిక్కులో పేరూ వయసూ నమోదు చేయడానికి, పిండి చేతులతో వంటింట్లో వాడుకోవడానికి అది భేషైనది. రోజుకు పది పేజీలు కొట్టేవారు మాత్రం డబ్బు మంచి మెకానికల్ కీబోర్డు మీద పెట్టడమే మేలు.