డాబా మీంచి తారల బాట

తారలంటే జూబ్లీహిల్స్ బంగళాల్లో ఉండేవాళ్లేనా? పక్కనే రహమత్ నగర్‌లో, గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య ఏ డాబా ఎక్కినా అసలు తారలు కనిపిస్తాయి. కెమెరాని కదలకుండా ఓ గంట వాటివైపు పెట్టి చూడండి... ఒక్కో చుక్కా ఒక్కో గీతై, ఆకాశంలో ముగ్గేసినట్టే ఉంటుంది!

నిజానికి తిరిగేది చుక్కలు కాదు, మన భూమి. గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. ఆ తిరుగుడే ఫోటోలో గీతగా పడుతుంది.

మన ఊరికి కొత్త కాదు

నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాల ఆ తర్వాత బేగంపేటకు మారింది. ఆకాశమంతా ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని 1887లో పారిస్‌లో మొదలైన ప్రయత్నంలో అదీ పాలుపంచుకుంది. అక్కడ దుర్భిణి ఆకాశంతోపాటే తిరిగేది కాబట్టి చుక్క చుక్కలాగే పడేది. ఆ ఫోటో పలకల మీద చుక్కల్ని కొలిచే ఓపిక పని చాలా దేశాల్లో ఆడవాళ్లే చేశారు. పారిస్‌లో ఆ విభాగాన్ని నడిపింది డొరొతియా క్లంప్కే. వాటికన్ పలకల్ని కొలిచింది నలుగురు నన్‌లు!

మీరూ తీయొచ్చు

* అమావాస్య దగ్గరి రోజులు, మబ్బులేని రాత్రి ఎంచుకోండి.
* కెమెరా గానీ, ప్రో మోడ్ ఉన్న ఫోను గానీ స్టాండుకు బిగించండి. ఫోకస్ బాగా దూరానికి పెట్టేయండి.
* ఊళ్లో వీధిదీపాల వెలుగు ఎక్కువ. ఒకేసారి గంటసేపు తీస్తే ఫోటో తెల్లబోతుంది. 15 సెకన్ల చొప్పున ఆగకుండా 240 తీయండి, గంటవుతుంది. మధ్యలో ఆపితే గీత తెగుతుంది.
* వాటన్నిటినీ కంప్యూటర్‌లో స్టార్‌స్టాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిపేయండి.
* ధ్రువ నక్షత్రం మనకు ఉత్తరాన 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంటే చాచిన చేతికి రెండు పిడికిళ్లకన్నా తక్కువే. అటు అపార్ట్‌మెంట్ అడ్డొస్తే తూర్పుకి తిప్పండి, ఏటవాలు గీతలొస్తాయి.

"రాత్రిపూట డాబా మీద నీకేం పని?"

ఈ మాట వినని ఆడపిల్ల ఉంటుందా? పైగా చేతిలో కెమెరా! అందుకే పక్కింటివాళ్లకు ముందే ఓ మాట చెప్పండి. కెమెరాని కిటికీలవైపు కాకుండా పైకే ఎత్తి పెట్టండి. చీకట్లో పిట్టగోడ దగ్గర జాగ్రత్త. తోడుగా అమ్మనో అత్తగారినో పిలవండి. వడియాలకు పగలంతా మనదైన డాబా, రాత్రి ఓ గంట మనది కాకుండా పోతుందా?

అన్నట్టు, పెళ్లిలో పట్టపగలు పంతులుగారు చూపించినవైపు చూసి, అరుంధతి కనిపించిందని తలూపేశాం కదూ! ఏప్రిల్ రాత్రి భోజనాలయ్యాక ఉత్తరాన సప్తర్షుల్ని వెతకండి. తోక చివరనుంచి రెండో చుక్క వశిష్ఠుడు. దాన్నంటుకుని మినుకుమంటున్న చిన్న చుక్కే అరుంధతి. ఈసారి నిజంగానే చూసి, ఫోటో తీసి, ఆయనకీ చూపించండి!